ఆఖరిసారి బాగున్నది ఎప్పుడు

పడవలు అద్దెకిచ్చే మరీనాలో డెబ్బీ అనే ఆవిడ హౌస్‌బోట్ గురించి వివరించినంతసేపూ పద్మజ వినలేదు. విన్నట్టు తల ఊపింది, అంతే. శ్యామ్‌సుందర్ మాత్రం ఫోన్‌లో వీడియో తీసుకుంటూ, మధ్యమధ్య ఆపి డౌట్లు అడుగుతూ, బడిలో మొదటి బెంచీ కుర్రాడిలా నిలబడ్డాడు.

"ఇది కారు కాదు, బ్రేకులుండవు," అంది డెబ్బీ. "స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ మాట వినదు. ముందే తిప్పాలి, ముందే ఆపాలి. గాలి వీస్తే పక్కకి కొట్టుకుపోతుంది, కంగారుపడకండి. ఇక్కడ మీకు సముద్రం కనబడదు కానీ దాని ఆటూ పోటూ ఈ కాలవల్లోకి కూడా వస్తాయి. పొద్దున లోతుగా ఉన్నచోట మధ్యాహ్నానికి బురద తేలుతుంది. ఒడ్డుకి పోవాలంటే బోటు ముక్కు ముందు పోనివ్వండి. వెనక ప్రొపెల్లరుంది, దాన్ని ఎప్పుడూ లోతు నీళ్ళలోనే ఉంచాలి."

నీళ్ళ మీద తేలే గుర్రపు డెక్క మొక్క గురించి కూడా చెప్పింది. ఊదారంగు పూలతో, ఆకుపచ్చ తివాచీలా, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, దాంట్లోకి మాత్రం పోవద్దు, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఇంజన్ ఆగిపోతుంది అంది. రేడియో చూపించింది. బటన్ నొక్కి మాట్లాడాలి, వదిలేసి వినాలి. జనరేటర్ ఎలా ఆన్ చేయాలో, టాయిలెట్ ట్యాంక్ ఎలా వాడాలో, లంగరు ఎలా దింపాలో చూపించింది.

"మేడమ్, మీరు కూడా ఒకసారి నడిపి చూడండి. ఇద్దరికీ తెలిసుండటం మంచిది."

"నాకెందుకండీ, ఆయన నడుపుతారుగా," అంది పద్మజ.

అప్పుడామె మనసులో ఒక్కటే మాట తిరుగుతోంది. దాన్ని ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి. శాన్ రామన్ నుంచి ఇక్కడికి వచ్చిన దారి పొడుగునా ఆ మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది.

ఈ ట్రిప్ శ్యామ్‌సుందర్ తనంతట తనే బుక్ చేశాడు. కొన్ని నెలలుగా డిన్నరయ్యాక హౌస్‌బోట్ వీడియోలు చూస్తూ కూర్చునేవాడు. ఎవరూ అడక్కపోయినా ఆన్‌లైన్‌లో బోటింగ్ కోర్సు పూర్తి చేశాడు. లేబర్ డే సెలవులు వెళ్ళాక రద్దీ ఉండదని సెప్టెంబర్‌లో డేట్లు తీసుకుని, "మూడు రోజులు లీవ్ పెట్టు," అన్నాడు. ఎందుకో, ఎక్కడికో చెప్పలేదు. కన్‌ఫర్మేషన్ ఈమెయిల్ ఆమెకి ఫార్వర్డ్ చేశాడు.

పద్మజ వద్దనలేదు. ఇంట్లో అయితే ఏ మాట మొదలుపెట్టినా అతను లేచి ఆఫీస్ రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంటాడు. పడవ మీద ఎక్కడికి వెళ్తాడు? అక్కడైతే వినక తప్పదు. ఆ ఆలోచనతోనే ఆమె బట్టలు సర్దుకుంది.

శ్యామ్‌సుందర్ చెడ్డవాడని ఎవరూ అనరు, ఆమె కూడా అనదు. చెయ్యెత్తలేదు, తాగలేదు, ఒక్క బిల్లు ఆలస్యంగా కట్టలేదు. మాట్లాడడు, అంతే. పద్మజ పని చేసేది ప్రీస్కూల్లో. మాటలు రాని రెండేళ్ళ పిల్లల్ని రోజంతా మాట్లాడించి ఇంటికొస్తే, మాటలొచ్చిన మనిషి ప్లేటు చూస్తూ అన్నం తింటాడు. పోయిన చలికాలం ఆమెకి రొమ్ములో గడ్డ కనిపిస్తే బయాప్సీ చేశారు. అతనే కారులో తీసుకెళ్ళాడు, బయట కూర్చున్నాడు, తీసుకొచ్చాడు. రిజల్ట్ వచ్చేదాకా ఆ వారమంతా ఆమె పక్కన పడుకుని ఒక్క మాట అనలేదు. ఏమీ లేదని డాక్టర్ ఫోన్ చేసినప్పుడు ఆమె వంటగదిలో నేల మీద కూలబడి ఏడుస్తుంటే గుమ్మంలో కొంచెంసేపు నిలబడి, "రాత్రికి కూరేంటి?" అన్నాడు.

ఆ రోజే పద్మజ లోపల ఏదో తెగిపోయింది. రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు దేదీప్యకి మాత్రం చెప్పింది. "అమ్మా, ఇట్స్ యువర్ లైఫ్. కానీ నాన్నకి ముందు నువ్వే చెప్పాలి. నేను చెప్పను," అంది ఆ పిల్ల.

మొదటి రోజు గడిచిపోయింది. చెప్పలేకపోయింది. రెండో రోజు పొద్దున ఎత్తే వంతెన ఒకటి వచ్చింది. శ్యామ్‌సుందర్ హారన్ కొట్టాడు, పైన క్యాబిన్‌లో ఉన్నాయన వంతెన ఎత్తాడు, రోడ్డు మీద కార్లన్నీ వీళ్ళ కోసం ఆగాయి. శ్యామ్‌సుందర్ మొహంలో అలాంటి నవ్వు చూసి చాలా ఏళ్ళయింది. "చూశావా పద్మా, మనకోసం ఆపారు," అన్నాడు. ఆ నవ్వు చూశాక ఇవాళ కూడా చెప్పలేనేమో అనుకుంది. కానీ ఆ తర్వాత మళ్ళీ అతను మౌనంగా అయిపోయాడు. నీళ్ళు, జమ్ము, కొంగలు, ఇంజన్ చప్పుడు. ఆమె అడిగిన రెండు ప్రశ్నలకి "ఊఁ" అన్నాడు.

వంతెన దాటి చాలా దూరం వచ్చాక, సన్నటి కాలవలోకి తిరిగాక, పద్మజ వెళ్ళి స్టీరింగ్ పక్క సీట్లో కూర్చుంది.

"ఏమండీ, మీతో ఒక మాట చెప్పాలి."

"ఊఁ."

"నేను వేరే ఉందామనుకుంటున్నాను. మన పక్క ఊళ్ళోనే, డబ్లిన్‌లో అపార్ట్‌మెంట్ చూసుకున్నాను. వచ్చే నెల నుంచి. మీ మీద కోపంతో కాదు. నాకు ఊపిరాడట్లేదు. ఎవరూ లేని ఇంట్లో ఉన్నట్టుంది. నిజంగా ఎవరూ లేకపోతే కనీసం ఎదురుచూడటం ఉండదు."

అతను నీళ్ళ వైపే చూస్తున్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీదున్నాయి.

"ఏదైనా అనండి."

ఏమీ అనలేదు.

"పోనీ తిట్టండి. ఎందుకని అడగండి. ఇన్నేళ్ళ తర్వాత ఈ ఒక్క దానికైనా నాకు జవాబు చెప్పరా?"

అతని గొంతులో ఏదో కదిలింది. మింగాడు. మళ్ళీ ముందుకే చూశాడు. పద్మజ చాలాసేపు అతని దవడ వైపు చూస్తూ కూర్చుని, లేచి, వెనక డెక్ మీదకి వెళ్ళిపోయింది.

అక్కడ ఇంజన్ చప్పుడులో కూర్చుని ఏడ్చింది. బోటు నెమ్మదించినట్టనిపించి తలెత్తి చూసింది. కాలవ పక్కన కొన్ని చెక్క రేవులు, వాటికి కట్టిన చిన్న పడవలు. ఒక ముసలాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. అద్దం తలుపులోంచి స్టీరింగ్ దగ్గర శ్యామ్‌సుందర్ వీపు కనిపించింది. కుడిచెయ్యి ఎత్తి ఆయనకి ఊపాడు. ఆయన టోపీ తీసి ఊపాడు. పద్మజకి ఒళ్ళు మండింది. ఎవరో దారిన పోయేవాడికి చెయ్యి ఊపటానికి ఉంది కానీ నాకు ఒక్క మాట చెప్పటానికి లేదు.

విసురుగా లోపలికి వచ్చింది. జనరేటర్ ఆన్ చేసింది. అతని వైపు వీపు పెట్టి, బియ్యం కడిగి రైస్ కుకర్‌లో పోసి స్విచ్ నొక్కింది. ఎందుకు పెడుతోందో తనకే తెలియదు, పెట్టే వేళయింది కాబట్టి పెట్టింది. తర్వాత చివరున్న బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

జనరేటర్ రొదలో ఏమీ వినబడలేదు. పడుకుని కప్పు వైపు చూస్తోంది. ఉన్నట్టుండి బోటు ఒక పక్కకి ఒరిగింది. షెల్ఫులో గ్లాసులు కిందపడ్డాయి. ఇంజన్ గొంతు మారిపోయి, పిచ్చెత్తినట్టు అరిచి, టప్పున ఆగిపోయింది.

"ఏమైంది?" అంటూ తలుపు తీసుకుని పరిగెత్తింది.

అద్దాల నిండా పచ్చగా ఉంది. బోటు నేరుగా గుర్రపు డెక్కలోకి దూసుకుపోయింది. శ్యామ్‌సుందర్ సీట్లోంచి కుడిపక్కకి జారి, సీటుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఏమండీ! ఏమండీ, పడ్డారా?"

భుజం పట్టుకుని ఊపింది. అతను ఆమె వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఒక పక్క పెదవి కదిలింది, రెండో పక్క కిందికి వేలాడింది. వచ్చిన శబ్దం మాట కాదు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే. అతని కళ్ళలో భయం చూసింది పద్మజ. తన నోటిలోంచి వస్తున్నది తనకే అర్థం కాని మనిషి భయం.

వెనక వంటగదిలో రైస్ కుకర్ టిక్కుమంది.

చంకల కింద చేతులు వేసి నేల మీదకి లాగింది. ఎంత బరువున్నాడో ఆమెకి అప్పుడే తెలిసింది. నీళ్ళ సీసా నోటికి పెడితే నీళ్ళు పక్కనుంచి కారిపోయి పొలమారింది, దగ్గలేక ఉక్కిరిబిక్కిరయ్యాడు. సీసా అవతల పడేసి అతన్ని పక్కకి తిప్పి వీపు రాసింది. కుడిచెయ్యి ఎత్తి వదిలితే తడిబట్టలా పడింది.

ఫోన్ తీసి 911 కొట్టింది. కలిసింది.

"మీరెక్కడున్నారు? అడ్రస్ చెప్పండి."

"బోట్‌లో. కాలవలో. మా హస్బెండ్‌కి మాట రావట్లేదు, చెయ్యి..."

"ఏ కాలవ, మేడమ్?"

"తెలీదు. వంతెన దాటి వచ్చాం, ఎడమ పక్కకి..."

కాల్ కట్ అయింది. మళ్ళీ కొట్టింది. సిగ్నల్ లేదు. డెక్ మీదకి పరిగెత్తి చెయ్యి పైకెత్తి చూసింది, పై డెక్ ఎక్కి చూసింది. లేదు.

రేడియో. మైకు లాగి బటన్ నొక్కింది. "హలో! హెల్ప్! ఎవరైనా వింటున్నారా? హలో! ప్లీజ్, ఎవరైనా చెప్పండి!" అరుస్తూనే ఉంది. బటన్ మీద వేలు తీయలేదు. ఎవరైనా జవాబిచ్చారో లేదో ఆమెకి ఎప్పటికీ తెలియదు. నొక్కి పెట్టినంతసేపూ అవతలి మాట వినబడదని డెబ్బీ చెప్పిన సంగతి, ఆ రోజు సాయంత్రం హాస్పిటల్ కుర్చీలో కూర్చున్నప్పుడు గానీ గుర్తు రాలేదు.

చుట్టూ చూసింది. ఒక పక్క మనిషెత్తు జమ్ము. రెండో పక్క, గుర్రపు డెక్కకి అవతల కొంచెం నీళ్ళు, ఆ నీళ్ళ తర్వాత రాళ్ళు పేర్చిన కరకట్ట. కట్ట పైన ఒక కరెంటు స్తంభం. స్తంభముందంటే రోడ్డుంటుంది. అక్కడికి ఎక్కితే సిగ్నల్ రావచ్చు.

ఈదుకుంటూ పోదామా అనుకుంది. ఆమెకి ఈత రాదు.

ఇంజన్ స్టార్ట్ చేసింది. మూలిగి ఆగిపోయింది. పొద్దున అతను ఇంజన్‌ని నీళ్ళలోంచి పైకి లేపే మీట ఏదో నొక్కడం చూసింది. వెతికి నొక్కింది. వెనక్కి పరిగెత్తి చూస్తే ప్రొపెల్లర్ పైకి వచ్చింది, జుట్టులా చుట్టుకున్న వేళ్ళూ కాడలతో. డెక్ మీద బోర్లా పడుకుని, కొక్కెం కర్రతో లాగింది. రాలేదు. కర్ర పక్కన పెట్టి చేతులతో పీకింది. వంటగదిలోంచి కత్తి తెచ్చి కోసింది. ఒక వేలు తెగింది, తెగినట్టు తెలియలేదు. పిచ్చిదానిలా కోస్తూ, పీకుతూ, "వస్తున్నానండీ, వస్తున్నాను, ఒక్క నిమిషం," అని లోపలికి అరుస్తూనే ఉంది. లోపల్నుంచి ఏ శబ్దమూ లేదు. మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి చూసింది. ఊపిరి తీస్తున్నాడు. ఎడమచేత్తో నేల తడుముతున్నాడు, దేన్నో వెతుకుతున్నట్టు.

"ఇక్కడే ఉన్నాను. కదలకండి," అని మళ్ళీ వెనక్కి పరిగెత్తింది.

ఇంజన్ దించి తాళం తిప్పింది. స్టార్ట్ అయింది. ఆ చప్పుడుకి ఆమెకి ఏడుపొచ్చింది.

రివర్స్ వేసింది. బోటు కదిలి గుర్రపు డెక్కలోంచి వెనక్కి జారింది. స్టీరింగ్ తిప్పితే ఏమీ కాలేదు, ఇంకా తిప్పింది, ఉన్నట్టుండి మొత్తం గిర్రున తిరిగింది. ముందే తిప్పాలి అన్న మాట ఎక్కడో చెవిలో పడింది. కరకట్ట ముందుకొచ్చింది. ముక్కుతో పోవాలి. అంతవరకు గుర్తుంది. ఎలా ఆపాలో గుర్తు లేదు. ఆపలేదు. బోటు రాళ్ళకి గుద్దుకుని, కిందనుంచి భయంకరంగా గీరుకుని, బురదలో కూరుకుని నిలబడింది. ఆమె స్టీరింగ్ మీదకి పడింది. పక్కటెముకలో కలుక్కుమంది.

లేచి అతని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. అలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో.

"నేను పైకెళ్ళి ఫోన్ చేసి వస్తాను. వెళ్ళిపోవట్లేదు. వింటున్నారా? వెళ్ళిపోవట్లేదు, ఫోన్ చేసి వస్తాను."

ఎడమచేత్తో ఆమె చున్నీ పట్టుకున్నాడు. వదల్లేదు. ఆ చెయ్యి విడిపించుకోవటం, ఆ రోజు చేసిన పనులన్నిటిలో కష్టమైన పని. చివరికి చున్నీ అతని చేతిలోనే వదిలేసి వెళ్ళింది.

డెక్ మీదనుంచి రాళ్ళ మీదకి దూకింది. చెప్పులు లేవు. రాళ్ళ సందుల్లో ముళ్ళు. చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకింది. కట్ట పైకి చేరి చూస్తే అవతలి వైపు నేల నీటి కంటే లోతుగా ఉంది. కోత అయిపోయిన మొక్కజొన్న చేలు, మనిషి లేడు. ఫోన్‌లో రెండు గీతలు వచ్చాయి.

ఈసారి ఫోన్ ఎత్తినావిడ, ఫోన్ ఉన్నచోటు తమకి కనబడుతోందని చెప్పింది. "కట్టకి ఏ పక్కన ఉన్నారు? గుడ్. హెలికాప్టర్ పంపిస్తున్నాం. ఆయన్ని ఆఖరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారు?"

"తెలీదు," అంది పద్మజ. "నాకు తెలీదు. నేను గదిలో ఉన్నాను."

హెలికాప్టర్ మొక్కజొన్న మోళ్ళ మీద దిగేవరకు ఆమె ఫోన్ పెట్టేయలేదు, కట్టమీదనుంచి బోటులోకి, బోటులోంచి కట్టమీదకి తిరుగుతూనే ఉంది. ఆటు వచ్చి నీళ్ళు తగ్గిపోతున్నాయి. బోటు ఒక పక్కకి ఒరుగుతోంది. శ్యామ్‌సుందర్ జారిపోకుండా అతని వెనక దిండ్లు పెట్టింది. "బోటు బాగా నడిపారు మీరు. వంతెన ఎత్తించారు," అని ఏదేదో మాట్లాడింది. అతను ఆమె నోటి వైపే చూస్తున్నాడు. అర్థమవుతోందో లేదో తెలియదు.

హెలికాప్టర్‌లో ఆమెకి చోటు లేదన్నారు. స్ట్రెచర్ మీద బెల్టులు బిగిస్తున్నప్పుడు అతని చేతిలో చున్నీ ఇంకా ఉంది. హెలికాప్టర్ పైకి లేచి వెళ్ళిపోయాక, ఆ దుమ్ములో, రక్తం కారుతున్న కాళ్ళతో పద్మజ ఒక్కతే నిలబడింది. కాసేపటికి షెరీఫ్ ఆఫీస్ నుంచి ఒక పోలీసు డెప్యూటీ కట్ట మీది మట్టిరోడ్డున కారు తీసుకొచ్చాడు.

ఆ కారులో ఉండగా హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. న్యూరాలజిస్ట్. ఆవిడ గొంతులో తొందర తెలుస్తోంది.

"స్కాన్ చేశాం. మెదడులో క్లాట్ ఉంది. దాన్ని కరిగించే మందు ఇవ్వచ్చు. కానీ మొదలై నాలుగున్నర గంటలు దాటి ఉంటే ఆ మందుతో మెదడులో బ్లీడింగ్ అవుతుంది, ప్రాణానికే ప్రమాదం. అందుకే అడుగుతున్నాను. ఆయన మామూలుగా ఉన్నట్టు మీకు ఖచ్చితంగా తెలిసిన ఆఖరి సమయం ఏది?"

"పొద్దున వంతెన దగ్గర... నవ్వారు, మాట్లాడారు."

"అది ఎప్పుడు?"

పద్మజ చెప్పింది.

డాక్టర్ లెక్క వేసుకుంది. "అయితే మాకిక టైమ్ లేనట్టే. ఆ తర్వాత మాట్లాడలేదా?"

"నేను మాట్లాడాను. ఆయన జవాబు చెప్పలేదు."

"ఏదైనా మామూలు విషయమా, లేక..."

పక్కన డెప్యూటీ రోడ్డు వైపే చూస్తూ డ్రైవ్ చేస్తున్నాడు. పద్మజ కళ్ళు మూసుకుంది. ఇంగ్లీష్‌లో ఆ వాక్యం చెప్పటం ఇంకా కష్టంగా ఉంది. "డాక్టర్, ఆయన్ని వదిలి వెళ్ళిపోతున్నానని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మా ఆయన ఎప్పుడూ ఏమీ అనడు. అది ఆయన పద్ధతి. కానీ ఇవాళ... అప్పటికే మాట పోయి ఉందేమో నాకు తెలీదు. నేను తెలుసుకోలేదు. కోపంగా లేచి వెళ్ళిపోయాను."

"ఆ తర్వాత ఆయన చేసిన పని ఏదైనా చూశారా? నడవటం, చెయ్యి కదపటం? ఆలోచించండి. ఏదైనా."

కావలసింది ఒక్కటే అని పద్మజకి అర్థమైంది. అతను వినీ, అర్థమయ్యీ, జవాబు చెప్పగలిగీ చెప్పకుండా ఉండి ఉండాలి. ఇన్నేళ్ళు ఏ మౌనం పోవాలని కోరుకుందో, ఇవాళ అది నిజంగా ఆ మౌనమే అయ్యుండాలని కోరుకుంటోంది. మూర్ఖంగా, మొండిగా, కావాలని మాట్లాడకుండా ఉండి ఉండాలి దేవుడా అనుకుంది.

అప్పుడు టోపీ ఊపిన ముసలాయన గుర్తొచ్చాడు.

"చెయ్యి ఊపారు," అంది. గొంతు పెరిగింది. "రేవు దగ్గర బోటు స్లో చేశారు. అక్కడ స్లో చెయ్యాలని రూల్. చేశారు. గాలం వేస్తున్న ఒకాయనకి చెయ్యి ఊపారు."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి. పైకెత్తి. బాగా ఎత్తి."

"ఎప్పుడు?"

"గడియారం చూడలేదు. కానీ ఆ వెంటనే లోపలికెళ్ళి రైస్ కుకర్ ఆన్ చేశాను. ఆయన పడిపోయాక నేను దగ్గరికి వచ్చిన కొద్దిసేపటికే అది ఆఫ్ అయింది. కుకర్ టిక్కుమనటం విన్నాను. అంటే మధ్యలో అన్నం ఉడికేంత టైమే. రెండు కప్పులు. మా కుకర్‌లో అరగంట పట్టదు. రోజూ పెడతాను, నాకు తెలుసు. పడిపోయాక ఫస్ట్ కాల్ చేసిన టైమ్ నా ఫోన్‌లో ఉంది, చూసి చెప్తాను. దానికి అరగంట ముందు కుడిచెయ్యి బాగుంది, డాక్టర్. నేను చూశాను."

"ఆర్ యూ షూర్? దీని మీదే నిర్ణయం తీసుకుంటాను."

"షూర్," అంది పద్మజ.

ఫోన్ పెట్టేశాక దాన్ని గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది. తను చూసింది నిజమేనా? అద్దంలోంచి కుడి ఎడమగా కనబడలేదు కదా? వెనకనుంచి చూసింది కాబట్టి కుడి కుడే. లేక ఎడమచెయ్యా? వెళ్ళినంత దూరం ఆ చెయ్యినే మళ్ళీ మళ్ళీ ఎత్తించింది కళ్ళ ముందు. ఆ మందు వల్ల పోతే తను చంపినట్టు. ఇవ్వకపోతే కూడా తనే చంపినట్టు. డెప్యూటీ ఏమీ అడక్కుండా వెనకనుంచి ఒక దుప్పటి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

మందు ఇచ్చారు. బ్లీడింగ్ కాలేదు. మర్నాటికి కుడికాలు కదిలింది. చెయ్యి కదలటానికి ఇంకా చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ స్పూను సరిగ్గా పట్టుకోలేడు. గుండె లయ తప్పి కొట్టుకోవటం వల్ల అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరిందని డాక్టర్ చెప్పింది. "మీ మాటల వల్ల వచ్చింది కాదు. ఆయన గుండె ఎన్నాళ్ళుగా అలా కొట్టుకుంటోందో ఎవరికీ తెలీదు," అంది. పద్మజ తల ఊపింది. నమ్మిందో లేదో ఆమెకే తెలియదు.

దేదీప్య రెడ్‌మండ్ నుంచి వచ్చి కొన్ని వారాలుంది. వెళ్ళే ముందు కిచెన్‌లో నిలబడి, "అమ్మా, నాన్నకి గుర్తుందా? నువ్వు చెప్పింది?" అని అడిగింది.

"తెలీదు."

"అడగవా?"

"ఎలా అడగను?"

డబ్లిన్ అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఫోన్ చేసి ప్రస్తుతానికి వద్దంది పద్మజ. తను దేదీప్య గదిలో పడుకుంటోంది. అతన్ని థెరపీకి తీసుకెళ్తుంది, మందులిస్తుంది, షర్టు గుండీలు పెడుతుంది. అప్పుడప్పుడు గుండీ పెడుతూ పెడుతూ ఊపిరాడనట్టయి బాత్రూమ్‌లోకి వెళ్ళి కొళాయి తిప్పి నిలబడుతుంది. వదిలి వెళ్ళాలన్న కోరిక పోలేదు. అది పోనందుకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

స్పీచ్ థెరపిస్ట్ రోజుకి ఒక వాక్యం చెప్పించమంది. ఆ రోజు జరిగిన దాని గురించి, ఆయనంతట ఆయనే. పద్మజ ఎదురుగా కూర్చుని, ప్రీస్కూల్లో పిల్లల ముందు కూర్చున్నట్టే, ఓపిగ్గా ఎదురు చూస్తుంది. "వాన... పడింది." "కాఫీ... వేడి." ఒక్కోసారి మాట దొరక్క బల్ల మీద కొట్టి అరుస్తాడు. ఇన్నేళ్ళలో అతను అరవటం ఆమె వినలేదు.

డిసెంబర్‌లో ఒక సాయంత్రం థెరపీ సెంటర్ పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయబోతుంటే ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు.

"బోట్..." అన్నాడు.

పద్మజ చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

"బోట్‌లో. నువ్వు... అడిగావ్."

"అదిప్పుడెందుకండీ. వదిలేయండి."

అతను తల అడ్డంగా ఊపాడు. పెదవులు బిగించాడు, మెడలో నరాలు లేచాయి. ఆమె తొందరపెట్టలేదు. పక్క కార్లు వెళ్ళిపోయాయి. అద్దాలకి పొగమంచు పట్టింది.

"విన్నా," అన్నాడు. "అన్నీ... విన్నా. జవాబు... వెతికా. దొరకలా. చెయ్యి... ఊపా. నవ్వా. లోపల... లోపల..." గుండె మీద ఎడమచెయ్యి పెట్టుకున్నాడు. మిగతా మాట రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు అతనికి.

పద్మజ స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. ఈ మాటలు పోయిన చలికాలం వచ్చి ఉంటే? పెళ్ళయిన కొత్తలో వచ్చి ఉంటే?

"వెళ్ళ...చ్చు," అన్నాడు. "నువ్వు. నేను... కోపం... లేదు."

"మీరేం కోరుకుంటున్నారో చెప్పండి. నాకు పర్మిషన్ అక్కర్లేదు."

చాలాసేపు పట్టింది. నోరు తెరిచి మూశాడు. తప్పు మాట వచ్చింది, తల విదిల్చి దాన్ని పక్కకి నెట్టాడు. మళ్ళీ వెతికాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"భయం," అన్నాడు చివరికి. "ఉండు."

"ఎప్పటిదాకా ఉంటానో నేను చెప్పలేను," అంది పద్మజ. ఆమె గొంతు అతని గొంతు కంటే బొంగురుగా ఉంది. "ఇవాళ ఇంటికి వెళ్దాం. రేపు ఇంకో వాక్యం చెప్పండి."

హీటర్ వేసి, అద్దాలు తేటపడేదాకా ఆగి, కారు రోడ్డు మీదకి తిప్పింది.